గురజాల పేరు రాసిన మోటారు సైకిలు

బర్మా సర్కారు మిల్లులు, కొట్లు లాక్కుంటుంటే రంగూన్ నుంచి మనవాళ్ళు ఓడల మీద తిరిగివస్తున్నారు. వాళ్ళకు ఎదురు వెళ్ళవలసినవారు పల్నాట్లో చాలామందే ఉన్నారు. మద్రాసు రేవుకు దారి ఎట్లా, ఎక్కడ తినాలి, కస్టమ్స్ ఆఫీసులో ఏం చెప్పాలి అని ప్రార్థన ముగియగానే నన్ను చుట్టుముడుతున్నారు. ఆ పని మీద నేను వెళ్ళింది ఒక్కసారే, ఆరేడేళ్ళ కిందట, నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో. వెళ్ళింది ఒక మోటారు సైకిలు కోసం. అబద్ధమెందుకు, వెళ్ళింది మా తమ్ముడి కోసం.

మా ఇస్సాకు పద్దెనిమిదో ఏట గురజాల వదిలి రంగూన్‌లో ఒక బియ్యం మిల్లులో ఇంజను పనికి చేరాడు. నేను ఇక్కడే ఉండి వాక్యం చెప్పుకుంటూ తిరిగాను. బడి మెట్లెక్కలేదు. బైబిలు మీద వేలు పెట్టుకుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. దుర్గికి, మాచర్లకు, నాపరాళ్ళ దారుల్లో కాలినడకే. అరణ్యంలో నలభై ఏళ్ళు తిరిగినా ఇశ్రాయేలువారి చెప్పులు అరగలేదట, నావి ఏడాదికి రెండు జతలు అరిగేవి. ఈ మాట నవ్వులాటకు ఉత్తరంలో రాస్తే, పదకొండేళ్ళుగా ఊరు రాని తమ్ముడు జవాబు రాశాడు. “నేను వాడుకున్న మోటారు సైకిలు మీకోసం తీసుకుని ఓడెక్కుతున్నా. రేవుకు రా అన్నా.” మోటారు సైకిలు అనగానే సంఘమంతా చప్పట్లు కొట్టింది. నేను మాత్రం ‘ఓడెక్కుతున్నా’ దగ్గరే ఆగిపోయాను.

గురజాలలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి గుంటూరు. అక్కడ బండి మారి తెనాలి చేరి మద్రాసు మెయిలు పట్టుకోవాలి. మూడో తరగతిలో చోటు దొరకదు, తలుపు పక్కన పెట్టె మీద కూర్చునే వెళ్ళాను. తెల్లవారి సెంట్రల్ స్టేషన్లో దిగి, రిక్షా అతను రూపాయి అడిగితే పన్నెండణాలకు బేరమాడి రేవు గేటు దగ్గర దిగాను. గేటుకు ఎదురుగా రేకుల కింద ఒక నెల్లూరావిడ పూటకూళ్ళ కొట్టు నడుపుతోంది. ఇడ్లీ వేడిగా ఉంటుంది, పచ్చడి మన నాలుకకు చప్పన.

“ఎవరి కోసరం వచ్చావయ్యా?” అంది.

“తమ్ముడి కోసమమ్మా. పదకొండేళ్ళయింది.”

“గుర్తు పడతావా?”

“చానా దూరం నుంచైనా వాడి నడక పట్టేస్తా.”

“ఓడ దిగినోడు సరిగ్గా యాడ నడుస్తాడు, తాగినోడి మాదిరి ఊగతాడు. మొహం చూసుకో” అంది.

ఆమె చెప్పినట్టే అయింది. ఊగుతూ వస్తున్న ఒక లావుపాటి మీసాలాయన్ని దాటుకుని నేను ముందుకు పోతుంటే, వెనక నుంచి నా కండువా పట్టి లాగాడు.

“ఏంది అన్నా, ఇట్టా చిక్కిపోయావు?”

“నా పాలు గూడా నువ్వే తిన్నట్టున్నావు గదరా!” అన్నాను. ఇద్దరం నవ్వబోయి ఏడ్చాం.

పది గంటలకు మోటారు సైకిలు వలలో వేలాడుతూ ఓడ మీద నుంచి దిగింది. నల్లటి టాంకు మీద తెల్లటి అక్షరాలు: ‘గురజాల సంఘమునకు ఇస్సాకు కానుక’. మనవాళ్ళ అలవాటు తెలిసిందే గదా. గుడికి బల్ల ఇచ్చినా, గంట ఇచ్చినా, ఇచ్చినవాడి పేరు రాయనిదే ఇచ్చినట్టు కాదు. రంగూన్‌లోనే తెలుగు పెయింటర్ని వెతికి మరీ రాయించాడట.

కస్టమ్స్ ఆఫీసరు తెలుగువాడే, నిదానస్తుడు. బర్మా వదిలేసి వచ్చేవాడైతే తను వాడుకున్న బండిని తనతో తెచ్చుకోవచ్చు, ఇంకొకరికి కానుకగా తేవాలంటే ముందే సర్కారు లైసెన్సు ఉండాలి అని వివరించాడు. కాగితం ఒకటి తీసి తెలుగులో చదివి వినిపించాడు. “నేను బర్మాలో నివాసం మానుకుని, ఇకపై నా దేశంలోనే స్థిరంగా ఉండటానికి వచ్చాను. ఈ బండి నా సొంత వాడకానికి.”

ఆ మొదటి మాటకు నేను ఆఫీసరు బల్ల దగ్గరికి జరిగాను. పదకొండేళ్ళుగా నేను మోకాళ్ళ మీద అడుగుతున్నది అదే. ఇస్సాకు కలం అందుకున్నాడు.

“నిజమేనంట్రా?” అని చెవిలో అడిగాను.

“ఊరుకో అన్నా. నెల సెలవు మీద వచ్చా. పెళ్ళాం పిల్లలు ఆడనే ఉండారు. కాగితం కాగితమే గదా.”

ఆఫీసరు చూపు టాంకు మీద పడింది. “సొంతానికైతే సంఘమునకు అని ఎందుకు రాసి ఉంది?” ఇస్సాకు కలం చేత్తోనే పట్టుకుని నా వైపు చూశాడు. ఆయన నా చంకలో బైబిలు చూసి నా వైపు తిరిగాడు. “పెద్దాయనా, మీరు చెప్పండి. మీ తమ్ముడు ఇక ఇక్కడే ఉంటాడా?”

అవునంటే బండి మాది. బండి సంగతి అట్లా ఉంచండి, ఆ అవును నా చెవులతో నేను వింటాను. యేసును ఎరగనని పేతురు ముమ్మారు కాదన్నాడని పల్నాడంతా కేకలు వేసి చెప్పినవాణ్ణి. ఇక్కడ కాదనడమే నిజం. బైబిలును ఇంకో చంకలోకి మార్చుకున్నాను.

“ఉండడు బాబూ. నెల రోజులకు వచ్చాడు. బండి మాకు కానుక” అన్నాను.

ఆయన కాగితం వెనక్కి లాక్కున్నాడు. సంతకం పడలేదు గనుక కేసు లేదు, బండి రేవు గోడౌనులో ఉంటుంది, ఇస్సాకు తిరుగు ఓడలో తీసుకుపోవాలి అన్నాడు.

బయటికొచ్చి కొట్లో విస్తరి ముందు కూర్చున్నాక తమ్ముడు విరుచుకుపడ్డాడు. “ఒక్క మాటన్నా! ఊళ్ళో అంత అరుస్తావే, ఈడ ఒక్క మాట మింగలేకపోయావా? నీ కాళ్ళు అరుగుతున్నాయనేగా తెచ్చింది!”

“ఆ మాట అబద్ధంగా ఎట్టా చెప్పేదిరా? నిజంగా చెప్పాలని పదకొండేళ్ళు దాచుకున్నా.”

వాడు విస్తరి దగ్గరికి లాక్కున్నాడు. “కొట్టుకోబాకండి, సాంబారు చల్లారతది” అంటూ నెల్లూరావిడ వాడి విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేసింది.

ఆ నెలంతా నాతోపాటే నడిచాడు. దుర్గి పోయేసరికి కాళ్ళు బొబ్బలెక్కి, “ఏం దేశమయ్యా ఇది, అన్నీ రాళ్ళే” అని తిడుతూనే నవ్వేవాడు. తిరిగి రేవులో దిగబెట్టినప్పుడు, “ఆ అక్షరాలు గీకించెయ్‌రా, అక్కడ నవ్వుతారు” అన్నాను. “ఉండనీ అన్నా. రంగూన్ వీధుల్లో గురజాల తిరగనీ” అన్నాడు.

మిల్లు సర్కారు తీసుకుందని, అందరినీ తీసుకుని వచ్చేస్తానేమోనని నిరుడు ఉత్తరం వచ్చింది. ఏ ఓడో రాయలేదు. ఆ తరువాత ఉత్తరం లేదు. మాచర్ల రోడ్డున మోటారు సైకిలు చప్పుడైతే ఇప్పటికీ పక్కకు జరిగి టాంకు వైపు చూస్తాను. బండి రాకపోయినా సరే. ఆ కాగితం మీద వాడు సంతకం పెడుతుంటే పక్కన నిలబడితే చాలు. ఆ పూట ఎవరడిగినా అవుననే చెబుతాను, రేవంతా వినేట్టు.

వెళ్ళేవారికి ఒక్క మాట. మీవాళ్ళు గుడికి ఏ వస్తువు తెస్తున్నా, దానికి లైసెన్సు కావాలో అక్కర్లేదో ముందే కనుక్కొమ్మని ఉత్తరం రాయండి. పేర్లు రాయడం ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. మావాడొస్తాడని కొన్న తెల్లరంగు డబ్బా మా ఇంట్లోనే ఉంది, ఇంకా మూత తియ్యలేదు.