చూడకుండా కొట్టిన వేళ్లు

ఎనభైల్లో మా ఆఫీసుకు కంప్యూటరొస్తే, టైపిస్టులందరిలో నన్నే దాని ముందు కూర్చోబెట్టారు. తమిళుల మధ్య ఉన్న మా ఉప్పళంలో నా టైపింగుకు అంత పేరు మరి! నేర్చుకునేటప్పుడు చూపు మీటల మీదికి పోతే మా మాస్టారు స్కేలుతో మెటికల మీద ఒక్కటిచ్చేవాడు. కాపీ కాగితం మీంచి కన్ను తీయకపోవడం నాకలా అబ్బింది.

ఆ యంత్రంలో ఏది తెరవాలన్నా కమాండు కొట్టాల్సిందే. యానాం నుంచి వచ్చిన మా ఆఫీసరు కమాండ్లన్నీ కాగితం మీద వరసగా రాసి, ఏది ఏం చేస్తుందో ఒక్కోదాని కిందా అరవంలో రాసిచ్చాడు. నాకప్పుడు తెలుగు చదవడం రాదు.

"ఫోన్ మాట్లాడి వస్తాను. ఈలోగా కొట్టి చూస్తుండమ్మా" అని వెళ్లాడు.

లోపలి ఫ్లాపీలో పర్మనెంటు కాబోయే దినకూలీల జాబితా ఉంది. ఇంకో కాపీ లేదు. మర్నాడే పైకి పంపాలి. అందులో మా నాయన పేరుంది.

మొదటి కమాండు కొట్టాను. రెండోది, మూడోది కొట్టాను. తెర మీద ఏవో కదులుతున్నాయని తెలుస్తూనే ఉంది. కాపీ పూర్తికాకుండా తలెత్తితేగా నేను! నాలుగోదీ కొట్టి ఎంటర్ నొక్కాక, దాని కింది అరవం చదివాను: "ఇది ఎప్పుడూ కొట్టకూడదు. ఫ్లాపీలో ఉన్నవన్నీ చెరిగిపోతాయి."

తలెత్తితే, నిజంగా చెరిపెయ్యమంటావా, అవునా కాదా అని తెర ఇంగ్లీషులో అడుగుతోంది. చెరిపేసే ముందు అడుగుతోందో, చెరిపేశాక అడుగుతోందో నాకేం తెలుసు? ఏ మీట తగిలినా నాయన ఉద్యోగం పోతుందని రెండు చేతులూ గాల్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆఫీసరు వచ్చి తెర చూశాడు.

"ఎన్ కొట్టమ్మా, నో అని. ఎన్ ఒక్కటే."

"మీరే కొట్టండి సార్."

"నాకూ చేతులాడటం లేదమ్మా."

టైపు పరీక్షల్లో హయ్యర్ పాసైనదాన్ని, మొదటిసారి మీటల మీదికి వంగి ఎన్ ఎక్కడుందా అని వెతుక్కున్నాను. కొట్టి, ఎంటర్ నొక్కాను. జాబితా మళ్లీ తెరిచాం. నాయన పేరు అక్కడే ఉంది.

సాయంత్రం నాయన నన్ను చూసి, "ఏంది పాపా, చేతులట్లా వణకతా ఉండాయి?" అన్నాడు.

"ఏసీ గది నాయనా, చలి."

ఆయన నా వేళ్లు తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దాడు. "ఈ యేళ్లుండంగా మనకేం బయం పాపా" అన్నాడు.

నేను చేతులు వెనక్కి లాక్కున్నాను.