వాన లేని ఏడు అడిగిన గది

పెద్దమ్మ పోయిందని తమ్ముడు ఫోన్ చేసినాడు. రాత్రి సంగటి తిని పడుకుందంట, తెల్లారి లేవలేదు. నల్లమాడ నుంచి ఊరికి ఆటోలో పోతావుంటే డ్రైవరు అడిగినాడు: "ఎవురు సార్, బడి ప్రెసిడెంటమ్మేనా?" ఆ పదవి పోయి ఎన్నేళ్ళైంది! తర్వాత ఎంతమంది ప్రెసిడెంట్లు రాలేదు? పేరు మాత్రం ఆమెకే ఉండిపోయింది.

తొంభైల చివర ప్రతి బడికీ ఒక కమిటీ ఉండాలని, అందులో పిల్లల ఇంటివాళ్ళే ఉండాలని చట్టం వచ్చింది. మా ఊళ్ళో చట్టం ఎట్లా అమలవుతుందో వేరే చెప్పాలా? పెద్దమ్మ మరిది, ఊరికి పెద్ద రైతు, తన అరుగు మీదే తేల్చేసినాడు. "మా వదినను పెట్టుకోండప్పా. మనవరాలు మూడో క్లాసు చదువుతాండాది గదా. సంతకం పెడతాది, ఇంట్లో ఉంటాది." పెద్దనాయన పోయినప్పటినుంచి ఆమె సేద్యం కూడా ఆ మరిది చేతుల్లోనే.

ఆమె ఇంట్లో ఉండలేదు. రోజూ సంగటి కెలికి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ బడికి పోయేది. చింపిరి తల కనబడితే అక్కడే కూర్చోబెట్టి దువ్వేది. ఆలస్యంగా బస్సు దిగిన అయ్యవారిని ఒక్క మాటనేది కాదు. "ఎండలో పడి వచ్చినావు, మజ్జిగ తాగు సామీ" అని అందరి ముందూ చెంబు అందించేది. ఆ చెంబుకు జడిసి ఆయన ముందు బస్సుకే రావడం మొదలుపెట్టినాడు.

బడికి రెండే గదులు. ఒకదాంట్లో ఏటా మరిది వేరుశనగ మూటలు. ధర పలికేదాకా అవి నీడన, మూడో తరగతి ఎండన. కమిటీలు వచ్చి బడుల్లో రాజకీయం దూర్చినాయని పేపర్లలో రాసే పెద్దమనుషుల్ని అడుగుతున్నాను: ఆ మూటలేమిటయ్యా మరి? అవి ఉన్నన్నాళ్ళూ మీకు రాజకీయం కనబడలేదా?

ఆమె ప్రెసిడెంటైన ఏడు వాన రాలేదు. చేన్లు నిలువునా ఎండినాయి. గది ఖాళీ. పిల్లలు లోపల కూర్చున్నారు, అయ్యవారు సంతోషపడినాడు. సరిగ్గా అప్పుడు పెద్దమ్మ కమిటీని పిలిచి, ఆ గది బడిదేనని తీర్మానం రాయమంది. అందరూ నవ్వినారు. మరిది కూడా వచ్చినాడు.

"కాయే లేదు గదా వదినా, కొట్లాట యాడిది?"

"అందుకే ఇప్పుడు. కాయలొచ్చినాక అడిగితే నీకు కోపం, వీళ్ళకు భయం."

"ఖాళీగానే ఉండాది, వాడుకోండి. నేనొద్దన్నానా?"

"వాన రాకుంటే బడి, వానొస్తే గోడౌనా? ఏమప్పా, పిల్లోళ్ళు నీడన చదువుకోవాలంటే మేము కరువుకు మొక్కుకోవల్లా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. తీర్మానం రాసినారు. మరిది తుండుగుడ్డ దులుపుకొని పోయినాడు. సభల్లో నేను పెద్ద గొంతుతో అడిగే ప్రశ్నల్లో ఇంత పదునైనది ఇప్పటికీ లేదు.

రెండేళ్ళకు పంట పండింది. మనవరాలు ఐదో తరగతికి పోయింది. ఒకనాడు పొద్దున్నే మూటల ట్రాక్టరు వచ్చి బడి ముందర నిలబడింది. పైన నల్లగా మబ్బు. నేను ఊళ్ళోనే ఉన్నాను, చూసినాను. పెద్దమ్మ ఆ గది గడప మీద కూర్చునింది.

"లెయ్ వదినా, కాయ తడిస్తే బూజు పడతాది. దాంట్లో నీ మూటలు కూడా ఉండాయి."

"తెలుసు. నావే ముందు తడవనీ."

"నీ మనవరాలు ఈ గదిలో లేదు గదా! నీకెందుకింత?"

"ఈ పిల్లోళ్ళుండారు గదా."

మరిది చుట్టూ చూసినాడు. ఆయన చేన్లో కూలికి పోయే తల్లులు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన నిలబడుతున్నారు. తల ఎత్తలేదు. కానీ నిలబడినారు. తొలి చినుకులు పడినాయి.

"నీతో ఏగలేను తల్లీ! యాడ దించాల, నువ్వే చెప్పు."

"మా ఇంట్లో దించు."

మధ్యాహ్నానికి ఆమె ఇల్లు దూలాల దాకా మూటలే. మంచం పంచలోకి వచ్చేసింది. జల్లు కొడుతుంటే కాళ్ళు పైకి ముడుచుకుని, ఆ మంచం మీద రాలిన కాయలు ఒలుస్తూ కూర్చుంది. వీధి చివర బడిలో మూడో తరగతి ఎక్కాలు చదువుతోంది. వాళ్ళు ఎక్కడైనా తప్పితే ఆమె చెయ్యి ఆగేది. మళ్ళీ అందుకోగానే వేళ్ళ మధ్య కాయ చిటుక్కుమనేది.