పట్నంలో ఆగిపోయిన స్వామిదాసు

మిలిటరీ నుంచి తిరిగి వస్తూ స్వామిదాసు పట్నంలో రెండో సంసారం పెట్టాడని మా చేవెళ్లలో ఒక పుకారు పుట్టి, మొయినాబాదు దాకా పాకింది. దాన్ని సరిదిద్దాల్సిన బాధ్యత నాదే. ఎందుకంటే దాన్ని మొదట ఐదారు ఇళ్లకు మోసిందీ నేనే.

ముందు మనిషి సంగతి చెప్పాలి. స్వామిదాసుకు పుట్టుకతోనే తొందర లేదు. ఏం చెప్పినా "జర ఆగు" అంటాడు. పెళ్లినాడు కరుణమ్మ తల వంచుకుని గుడిలో కూర్చుంటే, పెళ్లికొడుకు రాక పాస్టరుగారు కీర్తనల పుస్తకం సగం పాడించారు. తీరా చూస్తే ఈయన దారిలో ఒక మేకల మందకు అడ్డం తొలగి, చివరి పిల్ల కూడా దాటేదాకా నిలబడ్డాడట.

ఊరి చివర అంతయ్య గుడిసె అంటుకున్ననాడు ఊరంతా కుండలతో ఉరికింది. స్వామిదాసు మాత్రం నింపిన కుండ తొణకకుండా మెల్లగా నడిచి వచ్చాడు. "ఉరికినోళ్లయి సగం నీళ్లు దారిలనే పాయె. నాది సూడుండ్రి, నిండుకుండ," అని చూపించాడు. ఆ నిండుకుండతో బూడిద తడిపాము.

అటువంటివాడు పంతొమ్మిది వందల నలభైలో మిలిటరీ వంటవాడుగా చేరి ఓడెక్కాడు. "వీడు పోయినంక ఆ యుద్ధం జల్ది తెగదు," అన్నాడు మా ఆయన. అన్నట్టే ఐదేళ్లు సాగింది.

ఆయన వెంట మా వాడకట్టు బీరమ్మ కొడుకు సాలోమోను కూడా వెళ్లాడు. బీరమ్మకు వాడొక్కడే. వాడు క్షేమంగా వస్తే బస్సు దిగిన చోటి నుంచి గుడి దాకా చెయ్యి పట్టి నడిపించుకుపోయి కృతజ్ఞత చెల్లిస్తానని మొక్కుకుంది. కాలికి దెబ్బ తగిలి పూనా దవాఖానలో ఉన్నాడని ఒక కార్డు వచ్చింది. తర్వాత కబురు లేదు.

నలభై ఆరులో స్వామిదాసు బొంబాయిలో దిగినట్టు తెలిసింది. కరుణమ్మ ఇల్లు అలికింది. నెల తర్వాత పట్నం నుంచి ఇంకో కార్డు వచ్చింది: "నాంపల్లి సరాయి సత్రంలో ఉన్న. జర ఆగి వస్త." వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. అలికిన ఇల్లు మళ్లీ అలకాల్సి వచ్చింది.

అప్పుడు కిరాణం భద్రయ్య సరుకు కోసం పట్నం పోయి వచ్చాడు.

"సూసిన అంతమ్మా. పొద్దుగూకంగ బాగేఆం తోటల షికారు కొడుతుండు. పక్కన పొడుగు కోటు తొడుక్కున్న మనిషి. మెడ సుట్టు చెయ్యేసుకొని నడుస్తుండ్రు."

"ఆడమనిషా, మొగమనిషా?"

"ఎనకనుంచి సూసిన. మెడ సుట్టు చెయ్యేస్తె ఎవరైతరు?"

"జర ముందుకు పోయి సూడొద్దా?"

"నాకు బేగంబజార్ల పని ఉండె."

ఇట్లా సగం చూసి వచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మిగతా సగం ఊరు పూర్తి చేసింది.

మాట మా పక్కనే ఉన్న ప్రొద్దుటూరు చేరగానే కరుణమ్మ అన్న శాంతయ్య దిగాడు. "ఆదివారం ఆరాధన కాంగనే బండి కట్టుకొస్త. ఇంక ఈ ఇంట్ల నీకేం పని లేదు," అని తీర్పు చెప్పిపోయాడు. కరుణమ్మ ఏడవలేదు. గిన్నెలు తోమి మూట కట్టడం మొదలుపెట్టింది. అది చూసే నాకు భయం వేసింది.

"ఆరేండ్లు ఆగిన అక్కా. సముద్రం అవతల ఉన్నడని ఆగిన. ఇరవై ఐదు మైళ్లల్ల ఉండి రానోనికోసం ఎందుకాగాలె?"

"ఒక్కసారి కండ్లతోని సూసొద్దాం. రేపు శుక్రవారమే గద," అన్నాను.

మరునాడు బస్సెక్కాము. ఆ రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సులు. మొయినాబాదులో అది ఆయాసపడి ఆగింది. క్లీనరు వెనక పొయ్యిలో బొగ్గు పోస్తుంటే, కరుణమ్మ దిగి వచ్చిన దారి వైపు తిరిగి నిలబడింది.

"నడిచి ఎనకకు పోత అక్కా. కండ్లార సూసినంక, అబద్ధమనుకునేటందుకు గూడ ఏముండది."

"సూడకుంట పోతె నీ సంగతేమో గని, నాకు అన్నం సయించది. ఎక్కు."

చెయ్యి పట్టి ఎక్కించాను. పట్నం దాకా ఆ చెయ్యి నేను వదల్లేదు.

బాగేఆం చేరేసరికి ఎండ తగ్గింది. దూరం నుంచే పోల్చాను. అంత మెల్లగా నడిచే మనిషి నిజాం రాజ్యంలో ఇంకొకడు లేడు. పక్కన పొడుగు కోటు. మెడ చుట్టూ చెయ్యి. భద్రయ్య అబద్ధం చెప్పలేదు.

కరుణమ్మ నా చెయ్యి విదిలించుకుని ఉరికింది. వెనక నేను. కోటు మనిషి అడుగు వేసినప్పుడల్లా బాట మీద టక్కుమని చప్పుడు అవుతున్నది. చప్పుడు విని కరుణమ్మ నిలబడిపోయింది. కోటు మనిషి తిరిగాడు.

సాలోమోను. బక్కచిక్కి, గడ్డం పెరిగి, మోకాలి కింద కట్టెకాలుతో.

ఆరేళ్ల తర్వాత భార్యను చూసిన స్వామిదాసు ఏమన్నాడనుకున్నారు? "వచ్చినవా? జర ఆగు. ఆ దీపం కంబం దాక పోతె వీనికి నూరడుగులైతయి."

పోయి వచ్చారు. సాలోమోను బెంచీ మీద కూలబడి నన్ను చూశాడు. "చిన్నవ్వా, మా అమ్మకు తెల్సా?"

"తెల్వది."

"చెప్పకు. నేను నడుసుకుంట పోయి కనపడాలె. పూనల కాలు పెట్టి ఈ అన్నతోని పంపిన్రు గని నడక పెట్టలె. దవాఖానోళ్లు ఉరికిస్తె పడుతుంటి. ఈ అన్న అడుగు నా అడుగు ఒక్క తీరుగున్నది. ఇప్పుడు పడుతలేను."

కరుణమ్మ ఆ కాలు వంక చాలాసేపు చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఇంకెన్ని రోజులు?"

"నేల అయిపోయింది. మెట్లు మిగిలినయి. మన గుడికి మూడు మెట్లున్నయి గద."

"అయితె మెట్లు నేర్పు. నేనీడనే ఉంట," అని చెంగుతో ముఖం తుడుచుకుంది.

నేను సాయంత్రం బస్సుకు లేచాను. "నువ్వు గూడ జర ఆగు వదినె," అన్నాడు స్వామిదాసు. శాంతయ్యకు బండి తేవద్దని నా చేతనే కార్డు రాయించాడు. రాస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని అక్షరం అక్షరం చూశాడు. ఆ ఎనిమిది రోజులు నాకు మర్యాదలే మర్యాదలు. పొద్దున ఇరానీ చాయి, మధ్యాహ్నం ఆయన వండిన పలావు, ఒకనాడు చార్మినారు, ఒకనాడు గాజులు. బస్సు మాట ఎత్తితే చాలు, ఇంకొక గిన్నె ముందుకు వచ్చేది. సరాయి మెట్ల మీద సాలోమోను ఎక్కుతుంటే కరుణమ్మ లెక్క పెట్టేది. నన్ను ఎందుకు ఆపారో ఆలోచించే తీరిక నాకు దొరకలేదు.

తొమ్మిదోనాడు చేవెళ్లలో బస్సు దిగాము. చూసినవాళ్లు కబురు చెబితే బీరమ్మ ఉరికి వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది. ఊరంతా వెనక చేరింది. స్వామిదాసు పోయి అందరికంటే ముందు నిలబడి, తన నడక మొదలుపెట్టాడు. దాటిపోవడానికి బాట ఇరుకు. ఊరు ఊరంతా స్వామిదాసు నడకే నడిచింది. ఆ నడకలో ఎవరి కాలు కట్టెదో ఎవరికి తెలుస్తుంది?

మూడో మెట్టు ఎక్కి సాలోమోను తల్లి చెవిలో చెప్పాడు. ఆమె కిందికి చూసింది. "నడిసే వచ్చినవు గద బిడ్డా," అని లోపలికి తీసుకుపోయింది.

ఇంక నేను ఆగలేకపోయాను. గుడి బయటే నిలదీశాను. "ఇదంత మంచిదే మరిదీ. గని ఇంటి మనిషికి ఒక్క ముక్క రాస్తె ఏం పోతుండె? అది మూట గూడ కట్టుకున్నది. ఎందుకు రాయలె?"

స్వామిదాసు చెప్పులు విప్పాడు. రెండూ గోడ వారగా పెట్టాడు. కండువా దులిపి మళ్లీ వేసుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

"రాద్దామనే కాయితం కొన్న వదినె. గని కరుణమ్మకు చదివిపెట్టేది నువ్వు. నీ నోట్లకెల్లి మాట బీరమ్మ ఇంటికి ఎంత జల్ది పోతదో, అంత జల్ది పోయేది నేను మిలిటరీల గూడ సూడలె."