సబ్బు అట్టల మీద రాసిన రేటు

మనీ ఎక్స్ఛేంజ్‌లో ఉద్యోగం చేయడానికి దుబాయి వెళ్లిన మనిషి, విమానం దిగిన అరగంటకే మనీ ఎక్స్ఛేంజ్‌ కౌంటర్లో డబ్బు పోగొట్టుకున్నాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వండి, ఆ మనిషిని నేనే. మా అన్న హైదరాబాదులో కొనిచ్చిన రెండు వందల డాలర్లను ఎయిర్‌పోర్టులో ‘నో కమీషన్’ అని తళతళలాడే బోర్డు కింద దిర్హమ్‌లుగా మార్చుకుని, కమీషన్ లేదు కదా అని మురిసిపోయాను. మోసం అనడానికీ లేదు. రేటు బోర్డు మీదే ఉంది. నేను చదవలేదంతే.

మర్నాడు మా మేనేజర్ మాథ్యూ సారు పని నేర్పుతూ, విదేశీ నోటును మనం కొనే ధర బయింగ్ రేటు, అమ్మే ధర సెల్లింగ్ రేటు, రెంటి మధ్య తేడా స్ప్రెడ్ అన్నారు. కమీషన్ వద్దన్నవాడు ఆ స్ప్రెడ్‌లోనే నాలుగింతలు లాగుతాడని, దానికి ఎయిర్‌పోర్టు కౌంటరే మంచి ఉదాహరణ అనీ చెప్పారు. నేను బుద్ధిగా నోట్సు రాసుకున్నాను. చేతిలో నోట్లు ఎలాగూ తగ్గాయి, నోట్సయినా మిగలాలి కదా.

అసలు సంగతి ఆ తర్వాత చాలా ఏళ్లకు, కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు జరిగింది. దుబాయిలోని దేరాలో, మా వీధిలో అప్పటికి వరుసగా నాలుగు ఎక్స్ఛేంజ్‌లు. ఒక బుధవారం మధ్యాహ్నం నా కిటికీ ముందు ఒకావిడ నిలబడింది. ఒంటి మీద హోటల్ యూనిఫాం, తల మీద దుపట్టా, చేతిలో గుడ్డ సంచి. సంచి మీద గద్వాల చీరల దుకాణం పేరు తెలుగులో.

“గద్వాలనా?” అన్నాను.

“ధరూరు. నీదేడ?”

“అమరచింత.”

“ఇగ మనోడివే! అన్నా, జర సక్కగ రేటు చెప్పు.”

అందరికీ చెప్పే మాటే చెప్పాను. “బోర్డు మీద ఉన్నదే రేటమ్మా.”

“బోర్డు మీద రాసేదెవరు?”

“మా మేనేజర్.”

“చెరిపేది?”

“...ఆయనే.”

“మరి నీ తాన ఏమున్నదన్నా?”

“రబ్బరు స్టాంపు” అన్నాను. ఆమె జాలిగా చూసింది.

పేరు రజియాబీ. నాలుగేళ్లుగా పెద్ద హోటల్లో గదులు సర్దే పని. జీతం నెలనెలా ఇంటికి పోయేది. అతిథులు దిండు మీద పెట్టిపోయే టిప్పులు మాత్రం దాచుకుంది. ఆ రోజు వాటన్నిటినీ తెచ్చింది.

“మా ఆయన తొమ్మిదేండ్ల సంది ధరూరు నుంచి గద్వాలకు కిరాయి ఆటో తోల్తుండు. ఆటో ఆసామి అమ్ముతా అంటుండు. మాకే ముందు చెప్పిండు, శుక్రారం సాయంత్రం దాంక టైమిచ్చిండు. అది దాటితే ఇంకోనికిస్తడు. మల్ల మా ఆయన ఎవని ఆటో తోలాలె?”

సంచిలోంచి మూడు కట్టలు తీసింది. ఒకదాంట్లో మడత పడని వంద డాలర్ల నోట్లు. రెండోదాంట్లో యూరోలు. మూడోదాంట్లో ఒకటి, ఐదు, పది డాలర్ల చిన్న నోట్లు, అంచు చిరిగినవి, ఎవరో పెన్నుతో గీతలు పెట్టినవి. మా వృత్తిలో పెద్ద నోటుకు ఒక రేటు, చిన్న నోటుకు, నలిగిన నోటుకు అంతకన్నా తక్కువ రేటు. జనం అన్నీ కలిపి కిటికీలోంచి తోస్తారు. మేం అన్నిటికీ తక్కువ రేటే కడతాం. అడిగేవారు ఉండరు. ఈమె ముందే వేరు చేసి తెచ్చింది.

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరు చెప్పాలె? నేను గద్వాల మార్కెట్ యార్డుల పల్లికాయ చెరిగినదాన్ని. తాలు కలిసి ఉంటే కుప్ప మొత్తానికి తాలు రేటే కడతరు.”

“యూరో నాణేలు కూడా వస్తాయే, అవేవి?” అన్నాను. నాణేలను ఏ ఎక్స్ఛేంజ్ తీసుకోదు. ఇక్కడైనా దొరికిందనుకున్నాను.

“వాపసు పోయే దొరసానులకిచ్చి నోటు తీసుకుంట. ఆల్లకు ఆడ చాయకు పనికొస్తయి.”

అన్నేళ్ల సర్వీసులో నాకు తట్టని ఉపాయం.

బోర్డు రేటుతో లెక్కేసి చూపించాను. ఆటో ధరకు నూట నలభై దిర్హమ్‌లు తక్కువ పడుతోంది. ఆమె జీతం రావడానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఒక్క క్షణం ఆమె మొహం వాడింది. తర్వాత సంచి అడుగు నుంచి చిన్న చిన్న అట్టముక్కలు తీసింది. హోటల్లో పారేసే సబ్బు డబ్బాలను చీటీల్లా కత్తిరించి పెట్టుకుంది.

“రేటు నాకెందుకన్నా. ఈ ఒక్కో కుప్పకు, అన్నీ కట్ చేసినంక, నా చేతికెంత వస్తదో రాసియ్యి. మీ సారుతోని రాపిచ్చు. జర ఆగు, పక్కోల్లను అడిగొస్త.”

యార్డులో అదే పద్ధతి. కుప్ప పోస్తే ఖరీదుదారులు తలా ఒక చీటీ రాసి మడిచిస్తారు. అన్నీ ఒకేసారి విప్పుతారు. ఎక్కువ రాసినవాడిది సరుకు. దుబాయి నడివీధిలో ఆమె గద్వాల యార్డు తెరిచింది. సబ్బు అట్ట మీద రేటు రాయమంటే మాథ్యూ సారు మొదట నవ్వారు. తర్వాత, పక్క దుకాణంలోకి వెళ్తున్న ఆమెను అద్దంలోంచి చూసి, నవ్వడం ఆపి పెన్ను తీశారు.

ముప్పావు గంటకు తిరిగొచ్చింది. ఆమె చేతిలో మడిచిన అట్టలు. అప్పుడు నేను ఒక పని చేశాను. ఇప్పటికీ చెప్పడానికి సిగ్గేస్తుంది. గొంతు తగ్గించి, “చెల్లె, ఆ మూడో దుకాణపోడు ఎంత రాశాడో నాకు చూపించు. వాడికన్నా ఐదు దిర్హమ్‌లు ఎక్కువ ఇప్పిస్తాను” అన్నాను. నిజంగా మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఆమె అట్టలను గుప్పిట్లో దాచుకుంది.

“గట్ల చెయ్యొద్దన్నా. ఒకని చీటీ ఇంకోనికి సూపిస్తే, రేపు నా కుప్ప కాడికి ఎవడొస్తడు?”

“నూట నలభై తక్కువున్నాయి కదమ్మా!”

“తక్కువుంటే తక్కువున్నయి. చీటీ అంటే చీటే.”

భర్త ఆటో చేజారిపోయే గడియ అది. ఐదు దిర్హమ్‌ల కోసం నేను తప్పిన మర్యాదను, నూట నలభై కోసం ఆమె తప్పలేదు. నేను కుర్చీలో కూర్చున్నాను, ఆమె నిలబడి ఉంది. ఎవరు ఎత్తులో ఉన్నారో నాకప్పుడు తెలిసింది.

చీటీలన్నీ నా కిటికీ ముందే విప్పింది. వంద డాలర్ల కట్ట మూడో దుకాణానికి. చిన్న నోట్లు వీధి చివరి దుకాణానికి. ఓడల్లో పనిచేసేవాళ్లకు చిల్లర డాలర్లు కావాలట, వాళ్లు బాగా రాశారు. యూరోలకు మాత్రం మాథ్యూ సారు చీటీదే గెలుపు. మర్నాడు యూరప్ వెళ్లే ఒక టూరు గుంపుకు యూరోలు ఇవ్వాల్సి ఉంది, ఆ సంగతి ఆయన పెన్నుకు గుర్తుంది. రెండు దుకాణాలకూ తిరిగి డబ్బు తెచ్చి నా ముందు పోసింది. నేను రెండుసార్లు కూడి చూశాను. ఆటో ధర పోను ఇరవై ఆరు దిర్హమ్‌లు మిగిలాయి. డబ్బు ఇంటికి పంపే ఫీజు మాథ్యూ సారు తీసుకోలేదు. “ఆ అట్ట ఒకటి ఇలా ఇవ్వమను, దాచుకుంటాను” అన్నారు.

శుక్రవారం సాయంత్రం మళ్లీ వచ్చింది. ఈసారి సంచి లేదు, చెవి దగ్గర ఫోను ఉంది. “కొట్టు, ఇప్పుడు కొట్టు!” అని ఫోనులో అంటూ, దాన్ని నా అద్దానికి ఆనించింది. గద్వాల ఆటో స్టాండు నుంచి హారన్ మోగింది, బర్రుమని, ఆగకుండా. ఆమె వెనక క్యూలో ఉన్న పెషావరీ పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. అంత గొప్ప రసీదు నా సర్వీసులో నేను ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు వనపర్తి బస్టాండు దగ్గర చిన్న జిరాక్సు దుకాణం నాది. గల్ఫుకు పోయేవాళ్లు కాగితాల కోసం వచ్చి, అక్కడ డబ్బు ఎక్కడ మారిస్తే మంచిదని అడుగుతుంటారు. రజియాబీ నేర్పిందే చెబుతాను. నోట్లు వేరు చేసుకో. రేటెంత అనకు, అన్నీ పోను చేతికెంత అని అడుగు, రాసివ్వమను. నాలుగు గడపలు తిరుగు. ఒకడి చీటీ ఇంకొకడికి చూపించకు. చివరి మాట ఎందుకో చాలామందికి అర్థం కాదు. నాకూ అన్నేళ్లు పట్టింది.

ఇక నా సొంత లెక్క. ఉద్యోగం మానేసి వచ్చేసిన రోజు, దుబాయి ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర కూడా అదే ‘నో కమీషన్’ బోర్డు కనిపిస్తే ఆగాను. జేబులోంచి మడత పడని రెండు వందల డాలర్లు తీసి చూపించి, నేనూ దాచుకున్న ఖాళీ సబ్బు అట్ట ముక్క ముందుకు తోశాను. అన్నీ పోను రూపాయల్లో చేతికెంతో రాయమన్నాను. టై కట్టుకున్న కుర్రవాడు అటూ ఇటూ చూసి, లెక్క రెండుసార్లు చేసి రాశాడు. నేను చదివాను. ఈసారి నిదానంగా, చివరి అంకె దాకా చదివాను. అట్టను జేబులో పెట్టుకుని, అచ్చ పాలమూరు తెలుగులో చెప్పాను.

“జర ఆగు తమ్మీ, పక్కోల్లను అడిగొస్త.”

పక్కన ఎవరూ లేరు. గోడ, గోడ అవతల గేటు, గేటు అవతల హైదరాబాదు విమానం. ఎక్కి కూర్చున్నాను.