ఏటిగట్టు వాలూ, ఎలీసమ్మ గారి బ్యాటరీ

"చచ్చిపోయిందక్కా. నా మాట విను. అది చచ్చిపోయింది."

"నోర్ముయ్యరా ప్రకాశూ. పడుకున్నదాన్ని పట్టుకుని చచ్చిందంటావేం? ఆదివారం ప్రసంగం మధ్యలో నువ్వు గురక పెడతావు. నిన్నెవరైనా సమాధుల తోటకి మోసుకెళ్లేరా?"

"నేను మళ్లీ లేస్తాను కదా!"

"ఇదీ లేస్తుంది. దాన్ని కాసేపు పడుకోనివ్వాలి, అంతే."

నేను గేటు బయట బైకు మీద కూర్చుని ఇదంతా విన్నాను. లోపలికి వెళ్లడానికి ఏం తొందరపడలేదు. అక్కాతమ్ముళ్లు కారు బ్యాటరీ కోసం కొట్టుకుంటుంటే మధ్యలో దూరి ఆపేసేంత మంచివాణ్ణి కాను.

రాజోలులో మా మావయ్య మాణిక్యాలరావుకి బ్యాటరీల షాపుంది. ఇంజినీరింగు మధ్యలో వదిలేసి వచ్చాక అక్కడే ఉంటున్నాను. ముందు గదిలో బ్యాటరీలు, వెనక గదిలో బళ్ల మీద పేర్లు రాయడం. రెండూ నా పనే. ఆ పొద్దున జయప్రకాష్ గారు షాపుకి ఫోన్ చేసేరు. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైనాయన. "ఒరే దుర్గాసాయీ, మీటరు పట్టుకుని రా. మా అక్కకి నిజం చెప్పు" అన్నారు. ఆయన అక్కంటే ఎలీసమ్మ టీచరు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆవిడ దగ్గర సోషల్ చదవనివాడు లేడు. ఆవిడకి నిజం చెప్పినవాడూ లేడు.

గేటు తీసేసరికి ఆవిడ బోనెట్ ఎత్తి, ముక్కు మీదకి జారిన కళ్లద్దాలతో ఇంజను మీదకి వంగి ఉన్నారు. చేతిలో కొబ్బరినూనె గిన్నె.

"వచ్చేవా కోడిగెలుకుడూ!" అన్నారు. ఏడో తరగతిలో నా చేతిరాత చూసి పెట్టిన పేరది. ఆ ఏడాదంతా నా చేత రోజూ చూసిరాత రాయించేరు. పేరు మాత్రం పోలేదు.

"ఆయ్, వచ్చేనండి టీచర్‌గారండీ."

"చదువు మధ్యలో ఆపేసినవాడివి. నా బండి మధ్యలో ఆగిందని నువ్వొచ్చి చెప్పాలా?"

"చదువు ఆగితే నేను నడిచి ఇంటికొచ్చేసేనండి. మీ బండి ఆగితే పెళ్లివారు తొయ్యాల్సొచ్చింది కదండీ."

జయప్రకాష్ గారు పకపకా నవ్వేరు. టీచరుగారు కళ్లద్దాల పైనుంచి ఓ చూపు చూసేరు. ఆ చూపుకి నేను ఏడో తరగతిలోలా చేతులు కట్టుకున్నాను.

పెళ్లివారి సంగతి చెప్పాలంటే ముందు కారు సంగతి చెప్పాలి.

ఎలీసమ్మ గారు పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డారు. రిటైరయ్యాక పక్కింట్లో ఉన్న తమ్ముడు, "ఎక్కడికెళ్లాలన్నా చెప్పక్కా, నేను తీసుకెళ్తాను" అన్నాడు. అన్నాడుగానీ, ఆవిడ పొద్దున్నే బయల్దేరి కూర్చుంటే ఆయన భోజనం చేసి, కునుకు తీసి, టీ తాగి వచ్చేవాడు. కొన్నాళ్లు చూసేరు. తర్వాత ఎవరికీ చెప్పకుండా అమలాపురం వెళ్లి డ్రైవింగు నేర్చుకున్నారు. ఓ పాత ఎర్ర కారు కొన్నారు. దాన్ని తెచ్చి తమ్ముడి గుమ్మం ముందు ఆపి హారన్ కొట్టేరు. "ఒరే ప్రకాశూ, ఎక్కడికెళ్లాలన్నా చెప్పు. నేను తీసుకెళ్తాను."

అప్పట్నుంచి ఆ కారు ఇంట్లో ఉన్నది తక్కువ. ముందు సీట్లో కనకరత్నం గారని ఆవిడ స్నేహితురాలు. బండారులంకలో చీరలు బేరమాడడం, కనకరత్నం గారి మొక్కు కోసం మురమళ్ల వీరేశ్వరస్వామి గుడికెళ్లడం, దారిలో ఎక్కడ పులస చేప దొరుకుతుందని తెలిస్తే అక్కడికి బండి తిప్పడం. ఎవర్నీ అడగక్కర్లేదు. ఎవరి కునుకూ అయ్యేదాకా ఆగక్కర్లేదు.

పోయినేడాది నుంచి బ్యాటరీ మొరాయించడం మొదలెట్టింది. తాళం తిప్పితే ఇంజను ముసలాడు మంచం దిగినట్టు మూలిగేది. హెడ్‌లైట్లు పసుపుగా వెలిగి, ఎక్సలేటరు తొక్కితే తెల్లబడేవి. ఇంకొకరైతే షాపుకొచ్చేవారు. ఈవిడ ఏటిగట్టుకెళ్లేరు.

కోనసీమ పళ్లెంలా చదునుగా ఉంటుందని మాకు పాఠం చెప్పింది ఆవిడే. ఆ పళ్లెంలో ఎక్కడెక్కడ సొట్టలున్నాయో వెతికి పట్టుకుందీ ఆవిడే. గట్టెక్కే దారులు, పంటకాలువ వంతెనలు దిగే చోట్లు, ఓ పెట్రోలు బంకు పక్కనున్న చిన్న వాలు, అన్నీ ఆవిడకి కంఠతా. బండి ముక్కు పల్లం వైపు పెట్టి ఆపేవారు. తిరిగెళ్లేటప్పుడు తాళం తిప్పి, బ్రేకు వదిలి, బండి దొర్లుతుండగా రెండో గేరులో వేసి క్లచ్చి వదిలేవారు. బండి ఓ గెంతు గెంతి లేచేది. ఆ గెంతు దగ్గర ఆవిడ "ప్రభువా!" అనేవారు, పక్కన కనకరత్నం గారు "వీరేశ్వరస్వామీ!" అనేవారు. ఎవరు లేపేరో తెలీదుగానీ, బండి లేచేది.

దాంతో ఆవిడ రాకపోకలే మారిపోయేయి. చదును నేల మీద ఇళ్లున్న చుట్టాలని చూడ్డం మానేసేరు. గట్టు పక్కనున్న వీరాయమ్మ గారితో ఎప్పట్నుంచో మాటల్లేవు. అలాంటిది, వాళ్లింటికి మాటిమాటికీ వెళ్లడం మొదలెట్టేరు. "ఎలీసమ్మ గారికి నేనంటే ప్రాణమండీ" అని వీరాయమ్మ గారు ఊరంతా చెప్పుకున్నారు. ప్రాణం ఆవిడ మీద కాదు, ఆవిడ వాకిలి ముందున్న వాలు మీద. చివరికి టీచరుగారు ఇంట్లో షెడ్డుకి కూడా మట్టి తోలించి, ఓ పక్క ఎత్తు చేయించేరు. వరద నీళ్లు రాకుండా అని తమ్ముడికి చెప్పేరు.

ఇదంతా దిండిలో బయటపడింది. బంధువుల పెళ్లి, రిసార్టులో. గేటు దగ్గర ఓ కుర్రాడు తాళం తీసుకుని బండిని చక్కగా చదును నేల మీద పెట్టేడు. విందయ్యాక తాళం తిప్పితే టక్‌మని ఓ చప్పుడు, అంతే. పట్టుచీరలూ సూట్లూ కలిసి కారుని తోసేయి. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఫోన్లలో వీడియో తీసుకున్నారు. జయప్రకాష్ గారి కొత్త బూటు ఒకటి బురదలో ఉండిపోయింది. ఇంజను లేచింది. ఆపితే మళ్లీ లేవదని ఎలీసమ్మ గారికి తెలుసు. అందుకని ఆపలేదు. ఒంటి బూటుతో పరిగెడుతున్న తమ్ముడికి కిటికీలోంచి చెయ్యూపుతూ వెళ్లిపోయేరు.

మర్నాడే ఆయన అక్క కారు కొనేవాణ్ణి వెతికేడు.

అదీ నేను గేటు దగ్గర విన్న గొడవకి ముందు జరిగిన కథ. ఇక బ్యాటరీ దగ్గరికొస్తే, తీగలు బిగించే టెర్మినళ్ల మీద తెల్లగా పొడి పొంగి ఉంది. దాని మీదే ఆవిడ కొబ్బరినూనె పూసేరు.

"సముద్రపు గాలి కదరా, తుప్పు పట్టకుండా" అన్నారు.

"ముందు ఆ తెలుపు వేడినీళ్లతో కడిగి, తుడిచి, ఆరాక వేజలైన్ రాయాలండి. మీరు మురికికి తలంటు పోసేరు."

"రోజూ వ్యాయామం కూడా చేయిస్తున్నాను. పొద్దున్నే స్టార్ట్ చెయ్యడం, గుర్రుమనగానే ఆపెయ్యడం."

"అదే దాన్ని చంపిందండి. స్టార్టవ్వడానికి బ్యాటరీలోంచి పెద్ద ముద్ద పోతుంది. అది మళ్లీ నిండాలంటే బండి కాస్త దూరం తిరగాలి. మీరు రోజూ ముద్ద లాక్కుని, మళ్లీ వడ్డించకుండా ఆకు మడిచేస్తున్నారు."

ఆవిడ కొబ్బరినూనె గిన్నె కింద పెట్టేరు. నేను బ్యాటరీ పక్కలు చూపించేను. "పొట్ట ఉబ్బిపోయింది చూడండి. ఇలా ఉబ్బేక ఇంక మార్చెయ్యడమేనండి."

"మీ మావయ్య పొట్ట అంతకన్నా ఉబ్బింది. ఆయన్నీ మార్చేస్తారా?"

జయప్రకాష్ గారికి విసుగొచ్చింది. "సరే అక్కా. వీడు దీన్ని తీసుకెళ్లి ఛార్జింగు పెడతాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి ముందు చదును నేల మీద, అందరి ఎదురుగా తాళం తిప్పు. లేస్తే నేనింక కారు మాటెత్తను. లేవకపోతే తాళం నా చేతికివ్వు."

"ఇస్తాను."

"ఈ బ్యాటరీతోనే. పడుకుందన్నావు కదా."

"దీంతోనే."

ఆయన బ్యాంకులో చేసినాయన. మాట నమ్మడు. నా జేబులోంచి తెల్ల మార్కరు లాక్కుని బ్యాటరీ నెత్తి మీద సంతకం పెట్టేడు. మొదట్లో పెద్ద సున్నా, మధ్యలో అలల్లాంటి గీతలు, చివర్న పాము తోక, దాని కింద రెండు చుక్కలు. "మా అక్క సంగతి నాకు తెలుసు. ఆదివారం బోనెట్ ఎత్తి చూస్తాను" అన్నాడు.

షాపుకి తెచ్చి నెమ్మదిగా ఛార్జింగు పెట్టేను. నిండినట్టే నిండింది. మీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు చూపించి మురిపించింది. పనిలేనప్పుడు అందరూ బలవంతులే. ఇంజను తిప్పేంత బరువు దాని మీద పెట్టి చూసేసరికి ముల్లు జర్రున కిందకి పడిపోయింది. బరువు తీసి కాసేపు ఆగితే మళ్లీ కొంచెం లేచింది. ఎలీసమ్మ గారు పడుకుందనుకున్నది దీన్నే. లేచి కూర్చోగలదు, నిలబడలేదు.

శనివారం ఆవిడే షాపుకొచ్చేరు, ఆటోలో. మావయ్య అప్పుడే భోజనానికెళ్లేడు. కుర్చీ వేసేను. పరీక్ష మళ్లీ ఆవిడ ఎదురుగా చేసేను. ముల్లు పడడం ఆవిడ చూసేరు. ఇంకోసారి చెయ్యమన్నారు. ఇంకోసారీ పడింది.

"రేపు లేవదంటావు."

"లేవదండి. లేచినా ఒక్కసారి, అదీ మీ అదృష్టం. కొత్తది పెట్టించుకోవచ్చు కదండీ ఎప్పుడో. ఇన్నాళ్లూ ఎందుకండీ ఈ గట్లూ వంతెనలూ?"

ఆవిడ చేతిసంచీ ఒళ్లోకి లాక్కున్నారు.

"ఇవాళ బ్యాటరీ పోయిందని వాడి దగ్గర ఒప్పుకున్నాననుకో. రేపు నా కళ్లు పోయేయంటాడు. ఎల్లుండి కాళ్లంటాడు. ఆ తర్వాత మళ్లీ వాడి కునుకు అయ్యేదాకా నేను అరుగు మీద కూర్చోవాలి. ఒప్పుకోవడం మొదలెడితే వాడు ఆపడురా."

దీనికి నా దగ్గర మీటరు లేదు.

ఆవిడ లేచి గోడవారన పేర్చిన కొత్త బ్యాటరీల దగ్గరికెళ్లేరు. వాటిలో తన కారుకి సరిపోయేది ఏదని అడిగేరు. చూపించేను. దాని పక్కన పాతది పెట్టమన్నారు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే కొలత. పాతదాని మీద దుమ్మూ, కొబ్బరినూనె జిడ్డూ, తమ్ముడి సంతకం. కొత్తదాని నెత్తి నున్నగా, నల్లగా, ఖాళీగా ఉంది.

"నేనొచ్చిన ఆటో వెనక పేరు రాసింది నువ్వేనటగా" అన్నారు, అటే చూస్తూ.

"ఆయ్, నేనేనండి."

"ఒత్తులు ఎంత కుదురుగా పెట్టేవురా. నేను రాయించిన చూసిరాత ఊరికే పోలేదు." ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. అంతకుముందెప్పుడూ వినలేదు కాబట్టి నాకు భయమేసింది.

ఆవిడ బల్ల మీదున్న తెల్ల మార్కరు తీసి, మూత తీసి, నా చేతిలో పెట్టేరు. కొంగుతో పాత బ్యాటరీ నెత్తి సుతారంగా తుడిచి, సంతకం నాకేసి తిప్పేరు.

"కూర్చో. దీన్ని చూసి దాని మీద రాయి. ఆ తోక కింద చుక్కలు మర్చిపోకు. తేడా వచ్చిందంటే మళ్లీ రాయిస్తాను. అయ్యాక పైన కాస్త దుమ్ము కూడా జల్లు నాన్నా."