ఉప్పుటేటి గట్టున అయిదో నంబరు రాడ్డు

మూడేళ్ళ క్రితం ఒక ఉదయం నా కుడిచెయ్యి కలం పట్టనంది. పక్షవాతం తేలిగ్గానే వచ్చి పోయిందన్నారు ఏలూరు డాక్టరు గారు. నడక వారంలో తిరిగొచ్చింది, మాట రెండు వారాల్లో సర్దుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టు మాత్రం రాలేదు. పద్దెనిమిదో ఏటి నుంచి ఒక్క రోజూ మానకుండా డైరీ రాసినవాణ్ణి. డ్రైనేజీ శాఖలో పనిచేసినన్నాళ్ళూ కాలవల నీటిమట్టాలు ఆఫీసు రిజిస్టరులో ఒకసారి, ఇంటికొచ్చి నా డైరీలో ఒకసారి రాసుకునేవాణ్ణి. నా చేత్తో మళ్ళీ ఒక్క పేజీ అయినా రాయగలనా అన్నదే అప్పట్లో నా దిగులంతా.

ఈలోగా డైరీ నా భార్య రాసింది. ఆవిడ రిటైరైన టీచరు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు డిక్టేషన్ చెప్పిన మనిషి నా దగ్గర డిక్టేషన్ తీసుకోవలసి వచ్చింది.

“ఉదయం రెండు ఇడ్లీలు తిన్నాను, అని రాయి.”

“మూడు తిన్నారు.”

“రెండున్నర.”

“మూడని రాసేశాను. తర్వాత సంగతి చెప్పండి.”

వ్యాయామం నేర్పే ఆయన ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజంతా నొక్కుతూ ఉండమన్నారు. నాలుగో రోజుకే ఆ బంతిని చూస్తే నాకు కోపం వచ్చేది. అప్పుడే మా బావమరిది నన్ను చూడటానికి వచ్చాడు. ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరై, తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డాడు. వస్తూ వస్తూ రెండు పొడుగాటి గుడ్డసంచులు తెచ్చాడు. వాటిలో ఒక్కో సంచిలో నాలుగు ముక్కలుగా విడదీసిన గాలపుకర్ర ఉంది. విదేశీ రేవుల్లో సెలవు దొరికినప్పుడల్లా వాటితో చేపలు పట్టేవాడట.

ఇది మనవాళ్ళు వేసే గాలం లాంటిది కాదు. మన గాలంలో ఎర బరువో, సీసం బరువో దారాన్ని లాక్కుపోతుంది. దీనికి ఎర అంటే కొక్కేనికి చుట్టిన రెండు ఈకలే. ఉఫ్ అంటే ఎగిరిపోతుంది. అందుకని తాడునే లావుగా, బరువుగా చేస్తారు. కర్రను వెనక్కి ఎత్తి, తాడు వీపు వెనక పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు వెయ్యాలి. బొటనవేలు కర్ర మీద నిలువుగా ఆనాలి. కలం పట్టే వేలే అది.

ఈ కర్రను రాడ్డు అంటారు, ఎంపికకు నంబర్లున్నాయి. అయిదో నంబరు తేలిక, మంచినీళ్ళలో చిన్న చేపలకు. ఎనిమిదో నంబరు బరువు, ఉప్పునీళ్ళకీ సముద్రపు గాలికీ తట్టుకుంటుంది. రాడ్డు ఏ నంబరైతే తాడూ ఆ నంబరుదే వాడాలి. నేను ఎనిమిదో నంబరు తీసుకున్నాను.

“ఇదైతే రెండు చోట్లా పనికొస్తుంది కదా,” అన్నాను.

“బావగారూ, చేప సంగతి తర్వాత చూద్దురు గాని, ముందు మీ చెయ్యి ఎంత మొయ్యగలదో చూడండి,” అన్నాడు.

మేడమీద పరీక్ష పెట్టాం. ఎనిమిదో నంబరుతో పన్నెండు సార్లు విసిరేసరికి మణికట్టు వాలిపోయింది. అయిదో నంబరుతో నలభై దాకా వెళ్ళాను. నా భార్య రెండు అంకెలూ డైరీలో వేసింది. అయిదు నా దగ్గర ఉండిపోయింది. వెళ్ళేముందు బావమరిది ఒక మాట చెప్పాడు. “తాడు చుట్టుకునే ఈ చిన్న రీలుకి ఉప్పు పడదు. ఉప్పు తగిలిందని అనుమానం వచ్చినా సరే, ఇంటికి రాగానే మంచినీళ్ళలో ముంచి కడిగి ఆరబెట్టండి.” అదీ డైరీలోకి ఎక్కింది.

నీటి మీద మొదటి పాఠం భీమడోలు దగ్గర, బావమరిదికి తెలిసినాయన చేపల చెరువు మీద. నాకు నీళ్ళు కనిపించాయి గాని పైన ఏముందో కనిపించలేదు. కొంగలు వాలకుండా చెరువు మీద ఆ గట్టు నుంచి ఈ గట్టుకి సన్నటి తాళ్ళు లాగి కడతారు. మొదటిసారి విసరగానే నా తాడు వాటిలో పడి మెలికలు తిరిగింది. లాగినకొద్దీ బిగిసింది. దొంగ అనుకుని పరుగున వచ్చిన కాపలాదారు నా తెల్ల జుట్టు చూసి నెమ్మదించాడు.

“ఏవండీ, కొంగలకి కట్టిన తాళ్ళకి మీరు పడ్డారేంటండి?”

“ఎప్పట్నుంచో కొంగజపమే చేస్తున్నారులే మా బావగారు,” అన్నాడు బావమరిది.

కాపలాదారు వెదురుగడతో అరగంట కష్టపడి విడదీశాడు. మేము వెళ్ళేటప్పుడు తన పుంజు రాల్చిన ఈకలు గుప్పెడు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. డేగ పుంజట, ఎర్రటి మెడ ఈకలు. తర్వాత నేను వాడిన ఎరలన్నీ ఆ పొట్లంలోవే. వాటిని కొక్కేనికి చుట్టి ముడి మా ఆవిడ వేసేది.

పైన తాళ్ళు లేని చోటు కావాలి. నాకు ఉప్పుటేరు గుర్తొచ్చింది. కొల్లేటి నీళ్ళను సముద్రానికి మోసుకెళ్ళే ఏరది. ఎగువన మంచినీళ్ళు, దిగువన ఉప్పునీళ్ళు. పోటు వచ్చినప్పుడు ఉప్పు ఎగువకు ఎక్కుతుంది. ఉద్యోగంలో ఉండగా ఆ గట్టు మీద ఎన్ని ఊళ్ళ దగ్గర సీసాల్లో నీళ్ళు పట్టి పరీక్షకు పంపానో లెక్కలేదు. ఇప్పుడు రాడ్డు పట్టుకుని వారానికోసారి కైకలూరు మీదుగా ఆకివీడు వైపు బస్సులో వెళ్ళేవాణ్ణి. అక్కడ పడవ నడిపే ఆయనది ఇంచుమించు నా వయసే. ఆయనకొక అలవాటు ఉంది. పడవ తాడు విప్పేముందు నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటాడు. ఆ రుచిని బట్టి ఎటు వెళ్ళాలో, ఏ వల వెయ్యాలో తేల్చుకుంటాడు.

“వల వేస్తే పావుగంటలో బుట్టెడు వస్తాయండి. ఈ ఈకలతో ఎందుకండి తంటా?” అన్నాడు మొదటిరోజు.

చెయ్యి చూపించి సంగతి చెప్పాను. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట అనలేదు. గాలి వీపున ఉండేలా పడవను తిప్పి, నేను ఒక్కోసారి విసిరాక తొందరపెట్టకుండా తెడ్డు ఆపి కూర్చునేవాడు. అంత ఓపిక నాకు జీతమిచ్చిన ఆఫీసులో కూడా ఎవరూ చూపలేదు.

వేసవిలో ఒక పొద్దున ఆయన వేలు నాకి ముఖం చిట్లించాడు.

“ఉప్పెక్కిందండి బాబుగారూ.”

“ఇక్కడిదాకా ఎక్కదు. నేను ఇదే రేవులో ఏళ్ళ తరబడి పరీక్ష చేయించాను. నా డైరీలో ఉంది,” అన్నాను.

“ఆయ్, మీరు చెప్తే అంతేనండి.”

మావైపు మర్యాద అలాంటిది. ఆయన మాట ఆయన నాలుక మీదే ఉండిపోయింది, నా మాట నెగ్గింది. ఆ రోజే నా గాలానికి మొదటి చేప పడింది. జానెడు పండుగప్ప. అది లాగిన లాగుడు భుజం దాకా తెలిసింది. చిన్నదని వదిలేశాం. ఆ సంబరంలో రీలును తడిగానే సంచిలో పెట్టాను. మంచినీళ్ళే కదా.

మరుసటి వారం గట్టు మీద సంచి విప్పితే రీలు తిరగలేదు. లోపల తెల్లటి పొడి పేరుకుని బిగుసుకుపోయింది. పడవ ఎక్కకుండానే తిరుగు బస్సు ఎక్కాను.

ఆ సాయంత్రం డిక్టేషన్ మొదలుపెట్టాను. “రీలు నాసిరకం. చెడిపోయింది.”

నా భార్య కలం ఆపింది. “ఉప్పెక్కిందని పడవాయన చెప్పినట్టు పోయిన వారం రాయించింది మీరే. ఇది నా దస్తూరీతో రాయను. కావాలంటే మీరే రాసుకోండి.”

డైరీ తెరిచే ఉంచి, దాని మీద కలం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పేజీ ఖాళీగా ఉండిపోయింది. నాకు తెలిసి నా జీవితంలో అదే మొదటి ఖాళీ పేజీ.

పొద్దున్నే మళ్ళీ ఆకివీడు బస్సెక్కాను, రాడ్డు లేకుండా. ఆయన రేవులో వల బాగుచేసుకుంటున్నాడు. తప్పు నాదేనని చెప్పాను.

“మీవి చదువుకున్న లెక్కలు కదండి, నిజమే అనుకున్నాను. ఇదివరకు ఎక్కేది కాదండి నిజంగానే. ఈమధ్యనే ఎక్కుతోంది,” అన్నాడు.

“మరి ఆ రోజు గట్టిగా చెప్పొచ్చు కదా?”

“చేప పడ్డాక మీ ముఖం చూసి చెప్పబుద్ధి కాలేదండి.”

నన్ను కూడా వేలు ముంచమన్నాడు. ముంచాను. ఉప్పే. ఎన్నో సీసాలు పట్టాను గాని ఆ నీళ్ళను నాలుక మీద పెట్టుకోవడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి కుట్టుమిషన్ బల్ల మీద రీలు ముక్కలు వరసగా ఉన్నాయి. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పాత పళ్ళబ్రష్షుతో తోమి, మిషన్ నూనె చుక్కలు వేసింది నా భార్య. నేను వెళ్ళి డైరీ ముందు కూర్చున్నాను. బొటనవేలు రాడ్డు మీద ఆనించినట్టే కలం మీద ఆనించాను. ఒక్కో అక్షరం అయ్యాక, తాడు చాచుకునేదాకా ఆగినట్టు ఆగాను.

“నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. ఆయన చెప్పాడు. నేను వినలేదు.”

దానికి ఇరవై నిమిషాలు పట్టింది. అక్షరాలు కుడివైపుకు జారిపోయాయి. నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి భుజం మీదుగా చూసింది.

“రెండో తరగతి దస్తూరీ,” అంది. ఇంకోసారి చదివి, “పాస్,” అంది.

అప్పటినుంచి రోజుకు మూడు వరుసలు నేను రాస్తాను, మిగతాది ఆవిడ. చెయ్యి పూర్తిగా రాలేదు, ఇక రాదేమో కూడా. కాని పడవాయన నోరు మూసుకుని, మా ఆవిడ నోరు విప్పి నాకు చేసిన మేలు ఆ మూడు వరుసల్లోనే ఉంది. ఉప్పుటేటికి వెళ్ళిన రోజున మొదటి వరుస ఎప్పుడూ నీటి రుచి. అది పడవాయన చెప్పాక, నేను వేలు ముంచాక, రాసేది.