ఆగకుండా తిన్న పురుగు

నా భార్యకు ప్రోగ్రామింగ్ నేర్పింది నేనేనని చాలామందికి చెప్పుకున్నాను. నిజానికి నేను నేర్పినంతసేపూ మౌసు నా చేతిలోనే ఉండేది.

చింతామణిలో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న తరగతులకు కంప్యూటర్ టీచరు కావాలన్నారు. ఆమెకు ఆ ఉద్యోగం మీద చాలా ఆశ. కానీ ఆమెది కన్నడ మీడియం డిగ్రీ. ఇంగ్లిష్‌లో కోడ్ రాయమంటే బెదిరిపోయేది. అందుకని రంగురంగుల బ్లాకులతో మొదలుపెట్టాను. వాటిని ఒకదాని కింద ఒకటి తగిలిస్తే తెరమీద బొమ్మ మనం చెప్పినట్టు కదులుతుంది. టైపు చేసే పనిలేదు. బ్లాకుల మీది మాటలు కన్నడలో పెట్టుకోవచ్చు. చెప్పిన పనిని మళ్లీ మళ్లీ చేయించేది లూపు. ఫలానాది జరిగితేనే చెయ్యమనేది కండిషన్. ఆమె బాగానే పట్టుకుంది. కాస్త తీరిగ్గా ఆలోచించేది, అంతే. ఆ తీరిక నాకుండేది కాదు. బెంగళూరు ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి కూర్చునేవాణ్ణి. ఆమె బ్లాకు వెతుకుతుంటే చెయ్యి పక్కకు తోసి నేనే లాగి పెట్టేవాణ్ణి.

"ఉండండప్పా, చూస్తాండా కదా" అనేది.

"నువ్వు చూసేసరికి తెల్లారతాది" అనేవాణ్ణి. నవ్వేది. ఆ నవ్వు చూసి, ఆమెకేమీ అనిపించలేదనుకున్నాను.

స్కూలువాళ్లు ముందు ఒక డెమో క్లాసు చెప్పమన్నారు. పాఠం ఆమె ఒక్కతే తయారుచేసుకుంది, నాకు చూపించలేదు. నేను తోడు వెళ్లి, వెనక బెంచీలో ప్రిన్సిపాల్ పక్కన కూర్చున్నాను.

తెరమీద పట్టుపురుగు. ఆ క్లాసులో చాలామంది ఇళ్లల్లో పురుగులు మేపుతారు. ఆమె పుట్టిల్లూ శిడ్లఘట్ట పక్కనే. లూపు పెట్టి నడిపింది. పురుగు ఆకు తింది, పెరిగింది, ఇంకా తింటూనే ఉంది. తెర పట్టనంత లావైంది. పిల్లలు పడీపడీ నవ్వారు.

"ఏమైంది దీనికి? ఆగడమే లేదే" అని ఊరికే నిలబడింది.

ఇరుక్కుపోయిందనుకున్నాను. లేచి వెళ్లి, "ఒక నిమిషం" అంటూ మౌసు తీసుకున్నాను. కండిషన్ బ్లాకు లాగి లూపులో పెట్టాను: జ్వరం వస్తే మేత ఆపు. పురుగు పొర విడిచేముందు తినడం మాని, తలెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. తెరమీద పురుగు ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చాక ప్రిన్సిపాల్ నా చెయ్యి పట్టుకున్నాడు. "శనివారాలు మీరే వచ్చి చెప్పకూడదా సార్? మేడమ్ ఇంకా కొంచెం నేర్చుకోవల్ల."

ఆమె పక్కనే ఉంది. నేను "చూద్దాం లెండి" అన్నాను. కాదనలేదు. లోపల సంతోషంగా కూడా అనిపించింది.

బస్సు శిడ్లఘట్ట దాటాక ఆమె నోరు విప్పింది.

"ఆ బ్లాకు నేను కావాలనే తీసేసింటి. రోజూ ఇంట్లో చూసేదే కదా, పిల్లోళ్లే జ్వరం అని అరుస్తారని. ముందు బెంచీలో పాప నోరు తెరిచింది కూడా. అంతలో మీరు లేచిరి."

ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి చెబుతానన్నాను.

"అదీ మీరే మాట్లాడతారా?" అంది. కోపంగా కాదు.

వారం తర్వాత, ఆమె వద్దన్నా ఫోన్ చేశాను. అప్పటికే వేరే ఎవరినో తీసుకున్నారు. ఆ తర్వాత ఆమె ఏ స్కూలుకూ అర్జీ పెట్టలేదు.

ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టి, దూరంగా కూర్చున్నాను.

"ఆ పాప జ్వరం అనుంటే, తర్వాత ఏం చెప్పేదానివి?"

"ఇప్పుడు గుర్తులేదప్పా" అని, అనపకాయలు ఒలుచుకోవడానికి లోపలికి వెళ్లింది.

గుర్తుంది. నాకు చెప్పదు, అంతే.